జరగని తప్పుకు సంజాయిషీ

ఆసుపత్రుల్లో రోగుల భద్రత మీద డాక్టర్లు మనసు పెట్టడం లేదని రాజధానిలో ఎవరికో అనుమానం వచ్చింది. ఆ అనుమానానికి ఒక విభాగం, ఆ విభాగానికి ఒక భవనం, ఆ భవనానికి ఒక జాయింట్ డైరెక్టరు, ఆ జాయింట్ డైరెక్టరుకు ఒక తెల్ల కారు ఏర్పడ్డాయి. పోయిన వేసవిలో ఆ కారు మా కడిమెరక ఏరియా ఆసుపత్రి ముందు వచ్చి ఆగింది.

నేను అక్కడ మత్తు డాక్టర్ని. పేరు భానోజీరావు. కోసిన డాక్టరు పేరు ఊరంతా చెప్పుకుంటారు, మత్తిచ్చినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు. అందుకు నాకేం కోపం లేదు. నాకు కోపమొచ్చే విషయాలు వేరే ఉన్నాయి, చెప్తాను.

కారులోంచి దిగినాయన కోదండపాణి గారు. అంతకుముందు మత్స్యశాఖలో చేశారట. చేపల చెరువుల రైతుల్లో భాగస్వామ్యం పెంచిన అనుభవం ఉంది కాబట్టి డాక్టర్లలో కూడా ఆయనే పెంచగలరని పైవాళ్ళు భావించారు. మీటింగు హాల్లో మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి ఆయన మైకు అందుకున్నారు.

"మిత్రులారా! తప్పు అనేది జాతి సంపద. దానిని దాచుకొనుట జాతి ద్రోహం. ఇన్నాళ్ళూ తప్పు చేసిన వైద్యుణ్ణి మనం శిక్షించాం. కావుననే వైద్యుడు నోరు విప్పుట మానివేశాడు. నేటి నుండి తప్పు చెప్పిన వైద్యునికి మెమో ఉండదు. సన్మానం ఉంటుంది!"

నిజం చెప్పొద్దూ, ఆ మాటల్లో మొదటి సగానికి నాకు ప్రాణం లేచొచ్చింది. తప్పు ఎలా జరిగిందో నలుగురం కూర్చుని భయం లేకుండా చెప్పుకుంటే అదే తప్పు రెండోసారి జరగదు. ఇరవై ఏళ్ళ సర్వీసులో సర్కారు వారి ఆలోచన ఒకటి నాకు నచ్చడం అదే మొదలు. కానీ ఎంత మంచి ఆలోచనైనా మన దగ్గరికి వచ్చేసరికి శాలువా కప్పుకోవాల్సిందే కదా. రిటైరైతే శాలువా, బదిలీ అయితే శాలువా, ఊరికే వచ్చి ముందు వరసలో కూర్చున్నా శాలువా. ఇప్పుడు తప్పుకు కూడా.

మొదటి సన్మానం మా పళ్ళ డాక్టరు నాగభైరవానికి జరిగింది. నొప్పి పన్ను వదిలేసి పక్కనున్న మంచి పన్ను పీకానని ఆయన ధైర్యంగా ఒప్పుకున్నాడు. ఆసుపత్రి గేటుకి నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. అందులో నాగభైరవం చేతిలో పట్టకారుతో నవ్వుతున్నాడు, కింద "తప్పు చేసి మెప్పు పొందిన మా డాక్టరు గారికి హార్దిక శుభాకాంక్షలు" అని ఉంది. శాలువా కప్పారు, ఇత్తడి జ్ఞాపిక ఇచ్చారు. కార్యక్రమం నియమావళి ప్రకారం పూలగుత్తి ఇవ్వాల్సింది తప్పుకు గురైన రోగే. పాపం ఆ రైతు, బుగ్గ ఇంకా వాచే ఉంది, వేదికెక్కి పూలు ఇచ్చి, మైకు తన ముందుకి రాగానే అడిగాడు.

"ఆయ్, శానా సంతోసవండి. మరి ఆ నొప్పెట్టే పన్ను అలాగే ఉండిపోయిందండి. దాన్నెప్పుడు తీత్తారండి?"

కోదండపాణి గారు మైకు లాక్కున్నారు. "చికిత్స అనునది రెండవ దశ. ప్రస్తుతం మనం భాగస్వామ్య దశలో ఉన్నాం."

చప్పట్లు మోగిపోయాయి.

ఆ తర్వాత జిల్లాల వారీగా తలసరి తప్పుల సూచిక వచ్చింది. ఏ ఆసుపత్రిలో డాక్టరుకు ఎన్ని తప్పులు నమోదైతే అక్కడ భాగస్వామ్యం అంత బాగున్నట్టు లెక్క. పక్క జిల్లా వాళ్ళు దూసుకుపోతున్నారు. మా సూపరింటెండెంటు పెరుమాళ్ళరాజు గారికి నిద్ర పట్టడం మానేసింది. పెద్దమనిషి, మెత్తటి మనిషి, ఎవరేం చెప్పినా "తప్పకుండానండీ" అనడం తప్ప ఇంకో పాపం ఎరగడు. ఆయన సంతకంతోనే మా కాన్పుల డాక్టరు హైమావతి గారికి మెమో వచ్చింది.

"గత త్రైమాసికములో తాము ఒక్క తప్పునైనను నమోదు చేయకపోవుట కార్యక్రమము పట్ల తమ నిరాసక్తతను తెలియజేయుచున్నది. తగు సంజాయిషీ ఇవ్వవలెను."

హైమావతి గారు ఎలాంటి మనిషో చెప్పాలి. ఆపరేషన్ అయ్యాక లోపల పెట్టిన గుడ్డలన్నీ బయటికి వచ్చాయో లేదో తనే లెక్కపెడుతుంది, నర్సు చేత లెక్కపెట్టిస్తుంది, మళ్ళీ తనే లెక్కపెడుతుంది. మేమంతా ఆవిణ్ణి చాదస్తం అని వెక్కిరిస్తాం, మా ఆడవాళ్ళని మాత్రం కాన్పుకు ఆవిడ దగ్గరికే తీసుకొస్తాం. ఆవిడ మెమో పట్టుకుని నా గదిలోకి వచ్చి కుర్చీలో కూలబడింది.

"భానోజీ, ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు? ఎవరి కడుపులో ఏం మర్చిపోమంటావు?"

నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూశాక నవ్వు రాలేదు. నాగభైరవం మంచివాడు, విషయం తెలిసి పరుగెత్తుకొచ్చాడు. "నా దగ్గర ఎక్కువ ఉన్నాయి మేడమ్, ఒకటి మీ పేరు మీద వేయించేద్దాం. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. కాన్పుల డాక్టరు పన్ను పీకిందంటే తప్పులు పరిశీలించే కమిటీ ఏమీ అనదని కూడా ధైర్యం చెప్పాడు. ఆవిడ ఒప్పుకోలేదు. చివరికి, ఒకరోజు టిఫిన్ తినకుండా ఆపరేషన్ చేశానని రాసిచ్చింది. "రోగికి నష్టము చూపనందున తిరస్కరించడమైనది" అని తిరిగొచ్చింది.

ఇదంతా తమాషాగానే ఉండేది, ఆ డబ్బాలు రాకపోయి ఉంటే.

మా థియేటర్లో కాన్పు ఆపరేషన్లకు రెండు మందులు ముఖ్యం. ఒకటి బుపివకైన్. నడుము దగ్గర వెన్నులోకి ఇస్తాను, కింది సగం మొద్దుబారుతుంది, తల్లి మెలకువగానే ఉంటుంది. రెండోది ట్రానెక్సామిక్. కాన్పయ్యాక రక్తం ఆగకపోతే చేతి నరంలోకి ఎక్కిస్తాం, ఎందరినో బతికించింది. కానీ అదే మందు పొరపాటున వెన్నులోకి వెళ్ళిందా, ఫిట్లు మొదలవుతాయి, మనిషి దక్కడం కష్టం. ఇన్నాళ్ళూ రెండూ వేరువేరు రంగుల్లో వచ్చేవి. ఆ నెల సరఫరా చేసేవాళ్ళు మారారు. రెండు డబ్బాలూ ఒకే సైజు, ఒకే తెలుపు, ఒకే నీలి గీత. లోపల మందు నింపిన చిన్న గాజు యాంపూలు కూడా కవల పిల్లల్లా ఉన్నాయి.

థియేటర్ నర్సు మేరీ సుగుణకీ నాకూ ఒక అలవాటుంది. యాంపూలు పగలగొట్టే ముందు నేను పేరు పైకి చదువుతాను, తను విని మళ్ళీ చెప్తుంది, అప్పుడే సిరంజిలోకి తీస్తాను. ఎవరూ నేర్పింది కాదు, కలిసి పనిచేస్తూ చేస్తూ అలా అలవాటైపోయింది. కొత్త డబ్బాలు వచ్చిన వారంలోనే ఒక ఆపరేషన్ ముందు నేను పేరు చదివి గతుక్కుమన్నాను. నా చేతిలో ఉన్నది రక్తం ఆపే మందు. సుగుణ గుండె మీద చెయ్యేసుకుంది.

"అయ్య బాబోయ్! సార్, చూశారా? చదవకపోతే ఏమైపోయేదండీ?"

తను అప్పటికి ఏడో నెల గర్భిణి. మొదటి కాన్పు ఆపరేషనే, ఇదీ ఆపరేషనే అని హైమావతి గారు ముందే చెప్పేశారు. ఆ రోజు పని అయ్యాక సుగుణ నెమ్మదిగా నా దగ్గరికి వచ్చింది. "నా నెల వచ్చేలోపు ఆ డబ్బాల సంగతి ఏదోటి చూడండి సార్. నేనూ ఆ బల్ల మీదే పడుకోవాలి."

"కావాలంటే వేరే ఆసుపత్రికి వెళ్ళమ్మా. ఎవరేమంటారు?"

"అక్కడ ఏ డబ్బాలున్నాయో నాకేం తెలుసండీ. ఇక్కడైతే తెలుసు కదా," అంది.

నేను ఉత్సాహంగా కమిటీ ముందుకి వెళ్ళాను. కార్యక్రమం పెట్టిందే ఇందుకు కదా! పెరుమాళ్ళరాజు గారు అధ్యక్ష స్థానంలో ఉన్నారు, కోదండపాణి గారు గోడ మీది తెరలో ఉన్నారు. నేను రెండు యాంపూలూ బల్ల మీద పెట్టి సంగతంతా చెప్పాను.

"తప్పు జరిగినదా?" అన్నారు తెరలోంచి.

"జరగలేదండి. జరగబోయింది."

"రోగి పరిస్థితి?"

"బిడ్డతో ఇంటికెళ్ళిపోయింది."

"మరి తప్పెక్కడుందండీ?" ఆయన ముఖంలో నిజమైన అయోమయం. "డాక్టరు గారూ, మన నమూనా పత్రంలో జరగబోయిన తప్పులకు గడి లేదు. జరిగినాక రండి. ఘనంగా చేద్దాం."

పెరుమాళ్ళరాజు గారు "తప్పకుండానండీ" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. సరే, ఎవరూ ఏమీ చెయ్యకపోతే నేనే చేసుకుంటాననుకుని, రక్తం ఆపే మందు డబ్బాను తీసి గదికి అవతలి మూలనున్న బీరువాలో పెట్టాను. మర్నాడు ఉదయం వచ్చేసరికి అది మళ్ళీ మొదటి చోటే ఉంది. ఎందుకంటే మందుల అలమారకు "ఆదర్శ అమరిక" అని ఒకటి ఉంది. ఒకే రూపం గల వస్తువులు ఒకే వరుసలో ఉండాలి. ఏ డబ్బా ఎక్కడుండాలో పసుపు టేపుతో గళ్ళు గీసి, దాని ఫోటో గోడకి అంటించారు. రోజూ ఉదయం క్వాలిటీ విభాగం వాళ్ళు అలమారకు ఫోటో తీసి పైకి పంపాలి, గోడ మీది ఫోటోతో సరిపోవాలి. కవలలు పక్కపక్కనే ఉంటే ఫోటోలో మహా అందంగా ఉన్నాయట. నేను తీసి అక్కడ పెట్టడం, వాళ్ళు తీసి ఇక్కడ పెట్టడం. కొన్నాళ్ళు ఇదే ఆట.

ఇంతలో త్రైమాసికం ముగింపుకొచ్చింది. రాష్ట్ర అవార్డుకు మాకు ఒక్క తప్పు తక్కువైంది. పెరుమాళ్ళరాజు గారు స్వయంగా నా గదికి వచ్చారు, చేతులు నలుపుకుంటూ కూర్చున్నారు.

"భానోజీరావు గారూ, మీ దగ్గర ఆ సగం తప్పు ఉంది కదండీ. దాన్ని పూర్తి చేసేద్దామా?"

"పూర్తి చెయ్యడమేంటండీ? ఎవర్నైనా చంపమంటారా?"

"ఛఛ, ఎంత మాట! కాగితం మీదేనండీ. మందు వెళ్ళిందీ, మీరు కనిపెట్టారూ, రోగి కోలుకున్నాడూ అని రాద్దాం."

"పూలగుత్తి ఎవరిస్తారు మరి?"

"మన సైకిల్ స్టాండు సన్యాసయ్యని ఒప్పించానండీ."

"సార్, అది కాన్పు ఆపరేషన్ మందు. సన్యాసయ్య మగాడు!"

ఆయన వేళ్ళ మీద లెక్కవేశారు. "అది ఇంకా పెద్ద తప్పు కదండీ. మార్కులు ఎక్కువొస్తాయి."

మీరు నమ్మండి, నమ్మకపోండి, ఒప్పుకున్నాను. ఒక్క షరతు పెట్టాను. తప్పు నమోదైతే దానికి దిద్దుబాటు చర్య కూడా రాయాలి. అందులో ఆ డబ్బా మార్పించాలి. "తప్పకుండానండీ" అన్నారు. సుగుణకి ఎనిమిదో నెల నిండబోతోంది, నాకు పరువు గురించి ఆలోచించే తీరిక లేదు.

సన్మానం దివ్యంగా జరిగింది. ఎర్రటి శాలువా, జరీ అంచు. సన్యాసయ్య పూలగుత్తి ఇచ్చి, నేర్పించినట్టే రెండు మాటలు మాట్లాడాడు. "డాటరు గారి దయవల్ల నాకు కాన్పు సులువుగా అయిపోయిందండి" అన్నాడు. కోదండపాణి గారే ముందుగా చప్పట్లు కొట్టారు. అవార్డు మాకే వచ్చింది.

తర్వాత దిద్దుబాటు చర్య వచ్చింది. డబ్బా గురించి కాదు, నా గురించి. "లేబుల్ పఠన నైపుణ్య శిక్షణ"కు నన్ను రాజధానికి పంపారు. ఒక కుర్రాడు తెర మీద సీసాల బొమ్మలు చూపించి పైనుంచి కిందికి ఎలా చదవాలో చెప్పాడు. సర్టిఫికెట్టు ఇచ్చారు. తిరిగొచ్చి థియేటర్లోకి వెళ్ళి చూస్తే, కవలలు పసుపు గళ్ళల్లో ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నాయి. గోడ మీది ఫోటో మాత్రం పెద్దది చేశారు.

ఆ కోపంలో ఇంటికెళ్ళి, కుర్చీ మీద పడేసిన శాలువాను చూశాను. అప్పుడు వెలిగింది. డబ్బాను కదిలిస్తే ఒప్పుకోరు సరే, డబ్బా మీద శాలువా కప్పితే? ఈ దేశంలో కప్పిన శాలువాను తీసే ధైర్యం ఎవరికుంది? ముక్క కత్తిరించి, థియేటర్ పనిముట్లతో పాటు ఆవిరిలో శుద్ధి చేయించి, రక్తం ఆపే మందు డబ్బాకు చుట్టి కుట్టేశాను. రంగు కొంచెం వెలిసింది కానీ జరీ అలాగే ఉంది.

మర్నాడు ఫోటో తీసేవాళ్ళు వచ్చారు. డబ్బాకేసి చూశారు, నా ముఖంకేసి చూశారు, ఒక నమస్కారం పెట్టి ఫోటో తీసుకుని వెళ్ళిపోయారు.

అంతే! ఇంత రాద్ధాంతానికి, గుప్పెడు గుడ్డ ముక్క చాలింది. నా చెయ్యి పొరపాటున అటు వెళితే పట్టు తగులుతుంది, ఆగిపోతుంది. శాలువా ఉన్నది ప్రమాదం, లేనిది వెన్ను మందు. వారం తిరిగేసరికి చూడకుండానే నా చేతికి తెలిసిపోయింది. సుగుణ ముఖంలో మళ్ళీ నవ్వు కనిపించింది. "మీ సన్మానం ఊరికే పోలేదు సార్. నా పాలిటికి అక్కరకొచ్చింది," అని ఆట పట్టించింది. ప్రసవానికి సెలవు పెట్టి వెళుతూ ఆ డబ్బాను ఒకసారి తడిమి వెళ్ళింది.

ఈ కథ ఇక్కడ ఆగిపోతే ఎంత బాగుండేది! కానీ కోదండపాణి గారు అవార్డు ఆసుపత్రిని చూడ్డానికి వచ్చారు. అలమార ముందు నిలబడిపోయారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏమిటిది?"

ఆయన నన్ను తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. నేను కారణం చెప్పాను. ఆయన డబ్బాకు చేతులు జోడించారు. "మందుకు సన్మానం! వైద్యుడు తన సన్మానాన్ని ఔషధానికి అర్పించుట! ఇదండీ భాగస్వామ్యమంటే! ఇకపై దీనిని కడిమెరక నమూనా అని పిలుద్దాం." ఆయన వెంట వచ్చిన కార్యదర్శి గబగబా రాసుకున్నాడు.

నెలాఖరులోగా ఉత్తర్వు వచ్చింది. రాష్ట్రంలోని అన్ని ఆపరేషన్ థియేటర్లలో అన్ని మందుల డబ్బాలకూ ఒకే రంగు, ఒకే కొలత, ఒకే జరీ గల శాలువాలు కప్పవలెను. మా ఆసుపత్రికి నమూనా పుట్టిల్లు అన్న గౌరవంతో ముందుగానే లారీ వచ్చింది. నేను ఫోన్ పట్టుకుని రాజధానికి చేశాను.

"సార్, ఒక్క డబ్బాకి ఉంటేనే దానికి అర్థం. అన్నిటికీ కప్పితే మళ్ళీ ఏది ఏదో తెలియదండీ. అది కూడా పోయి, లేబుల్ కూడా కనపడదు!"

"డాక్టరు గారూ, ఒక మందును గౌరవించి మరొక మందును అవమానించుట ప్రభుత్వ విధానం కాదు. సమానత్వం పాటించాలి."

"కనీసం ఆ ఒక్కదాని రంగైనా..."

"మీ వినయం మాకు తెలుసులెండి," అని పెట్టేశారు.

శాలువాలు కప్పే కార్యక్రమం ఒక ఉదయం పెట్టారు. డబ్బాలన్నిటినీ కిందికి దించి, తుడిచి, కప్పి, మళ్ళీ పసుపు గళ్ళల్లోకి సర్దారు. నర్సులందర్నీ హాల్లో రోగుల భద్రతా ప్రతిజ్ఞకు కూర్చోబెట్టారు. సరిగ్గా ఆ పొద్దున్నే సుగుణకి, ఇంకా రెండు వారాలు ఉందనుకుంటుండగా, నొప్పులు వచ్చాయి. వాళ్ళాయన ఆటోలో తీసుకొచ్చాడు. హైమావతి గారు చెయ్యి వేసి చూసి, బిడ్డ గుండె చప్పుడు విని, నాకేసి తల తిప్పారు.

"భానోజీ, గుండె చప్పుడు తగ్గుతోంది. ఇప్పుడే తీసెయ్యాలి."

పరుగులు పెట్టాం. హాల్లోంచి ఒక నర్సుని లాక్కొచ్చాం, ఆ పిల్ల కళ్ళవార్డు మనిషి, థియేటర్ ఎప్పుడూ చూడలేదు. సుగుణని బల్ల మీద పక్కకి తిప్పి పడుకోబెట్టి, నడుము వంచి పట్టుకోమన్నాను. అలమార తెరిచాను. లోపల ఎర్ర శాలువాలు బారులు తీరి ఉన్నాయి, పెళ్ళివారి విడిదిలా.

చదివే తీరిక లేదని నా మనసు చెప్పింది. నా చెయ్యి నేను చెప్పకుండానే పాత చోటికి వెళ్ళింది, ఎడమ గడిలోకి, వెన్ను మందు ఎప్పుడూ ఉండే చోటికి. శాలువా అంచు పైకి లాగి, మూత తీసి, యాంపూలు పట్టుకున్నాను. కళ్ళవార్డు నర్సు సిరంజి అందించింది. పగలగొట్టబోయాను.

"సార్," అంది సుగుణ గోడవైపు ముఖంతోనే. నొప్పికి గొంతు తెగిపోతోంది. "మనం రోజూ చదివేదండీ... చదవండి. నేను చెప్తాను."

ఒక్క క్షణం చిరాకేసింది, అదీ నిజమే. యాంపూలు దీపం వైపు తిప్పాను.

"ట్రా..." అన్నాను. అక్కడే ఆగిపోయాను.

తను ఆ మాట తిరిగి చెప్పలేదు. వంచిన వీపు మీద రోమాలు నిక్కబొడుచుకోవడం నాకు కనిపించింది. "పడెయ్యండి సార్," అంది మెల్లగా. "కంగారు పడకండి. రెండోది తియ్యండి. చదవండి."

దేవుడి గుడికి వెళ్ళని వాణ్ణి, చర్చికీ వెళ్ళని వాణ్ణి, ఆ నిమిషంలో అందరు దేవుళ్ళకీ ఒకేసారి మొక్కాను. రెండో డబ్బా లాగి, శాలువాను ఒక్క గుంజు గుంజి కిందపడేసి, యాంపూలు తీసి గట్టిగా చదివాను.

"బుపివకైన్."

"బుపివకైన్," అంది సుగుణ. "ఇచ్చెయ్యండి."

ఆడపిల్ల. పుట్టగానే ఏడవలేదు. హైమావతి గారు వీపు రుద్దారు, ముక్కు నోరు శుభ్రం చేశారు, అప్పుడు కెవ్వుమంది. నేను తల్లి తల దగ్గర నిలబడి మాస్కు చాటున ఏడ్చాను. సుగుణ చూసింది. అక్కడ హాల్లో ప్రతిజ్ఞ చివరికి వచ్చినట్టుంది, చప్పట్లు వినపడ్డాయి.

ఆ సాయంత్రమే రెండు యాంపూలూ జేబులో వేసుకుని కమిటీ ముందుకి వెళ్ళాను. ఈసారి కూర్చోలేదు. అరిచాను కూడా. డబ్బాలు దించి కప్పినప్పుడు చోట్లు తారుమారయ్యాయనీ, మా నర్సు నోరు తెరవకపోతే మా నర్సే ఉండేది కాదనీ చెప్పాను. పెరుమాళ్ళరాజు గారి ముఖం పాలిపోయింది. తెరలోని కోదండపాణి గారు ఓపిగ్గా అంతా విన్నారు.

"జరిగినదా, డాక్టరు గారూ?"

"జరగలేదండి."

"చూశారా," అన్నారాయన సంతోషంగా. "నమూనా పనిచేస్తోంది."

నేను నేరుగా థియేటర్‌కి వెళ్ళి శాలువాలన్నీ లాగిపారేశాను. రక్తం ఆపే మందు డబ్బాను అవతలి బీరువాలో పెట్టి తాళం వేసి, ఒక తాళంచెవి థియేటర్ గోడకి తగిలించి, ఒకటి హైమావతి గారి మెడలో వేయించాను. గోడ మీది ఫోటోను చింపేశాను. ఫోటో తీసేవాళ్ళు వస్తే, తలుపు దగ్గర హైమావతి గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. "లోపలికి రండి, మీ అందర్నీ బల్ల మీద పడుకోబెడతాను," అన్నారు. ఆవిడ ఎప్పుడూ పరిహాసమాడదని వాళ్ళకి తెలుసు. మళ్ళీ రాలేదు.

మొన్న మా ఇద్దరికీ మెమో వచ్చింది. ఆదర్శ అమరిక చెరిపినందుకు కాదు, ఆ విషయం పైకి రాయడానికి పెరుమాళ్ళరాజు గారికి చెయ్యి రాలేదు. ఇది త్రైమాసిక మెమో.

"తమ థియేటరులో ఈ త్రైమాసికమున ఒక్క తప్పు కూడా జరిగినట్లు కనబడదు. ఇందుకు గల కారణములను తెలియజేస్తూ తక్షణమే సంజాయిషీ ఇవ్వవలెను."

హైమావతి గారు ఈసారి ఏడవలేదు. కాగితం నా ముందు పెట్టి, "నువ్వే రాయి, నీ దస్తూరీ బాగుంటుంది," అన్నారు. సుగుణ పిల్లకి టీకా వేయించడానికి వచ్చి అక్కడే కూర్చుని ఉంది, ఒళ్ళో పిల్ల నిద్రపోతోంది. నేను పెన్ను తీసి రాశాను, ఇద్దరం సంతకం పెట్టాం.

"అయ్యా, జరగవలసిన తప్పు జరగలేదు. తల్లీ బిడ్డా క్షేమం."